కడగడం ఆపండి, తుడవడం మొదలుపెట్టండి

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది సఖినేటిపల్లి మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకుంటోంది. సెలవుల్లో సాధన ఆగిపోకూడదని కిందటి దీపావళికి సెకండ్ హ్యాండ్‌లో ఒక బార్, రెండు రబ్బరు ప్లేట్లు, కొన్ని ఇనప ప్లేట్లు, స్టాండు, బెంచీ కొని పెరటి వసారాలో పెట్టాను. వాటిని అశ్రద్ధ చేయలేదండి. ప్రతి ఆదివారం నేనే సబ్బుపొడి నీళ్ళతో రుద్ది, పైపుతో బోరు నీళ్ళు కొట్టి, దుమ్ము పడకుండా బరకం కప్పుతున్నాను. అయినా ఆర్నెల్లు తిరిగేసరికి బార్ అంతా ఎర్రబడింది. పట్టుకుంటే చేతులకు తుప్పు అంటుతోంది. చివర్లు ఇదివరకు చక్కగా తిరిగేవి, ఇప్పుడు బిగుసుకుపోయాయి. బెంచీ ముక్కిన వాసన వేస్తోంది. మా అమ్మ కొబ్బరినూనె రాయమంటోంది. హార్డ్‌వేర్ షాపాయన ఉప్పుకాగితంతో గీకి రెడాక్సైడ్ రంగు కొట్టెయ్యమన్నాడు. పిల్ల తలపైకి ఎత్తే బరువు కదా అని నాకు టెన్షన్‌గా ఉంది. ఈ బార్ వాడొచ్చా, పారెయ్యాలా?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. ‘బోరు నీళ్ళు కొట్టి బరకం కప్పుతున్నాను’ అన్నచోట రెండుసార్లూ ఆగిపోయాను. బార్‌కి వచ్చిన జబ్బు అక్కడే దొరికింది. మీరు అశ్రద్ధ చేయలేదు, నిజమే. ఆదివారం పూట కూర్చుని పిల్ల సామాను కడిగే తండ్రిని నేను తప్పు పట్టను. కానీ మన ఊళ్ళ గాలికీ, మన నీళ్ళకీ ఆ పద్ధతి పడదు. వచ్చే ఆదివారం దాన్ని కడగకండి. బరకం తీసెయ్యండి. ఈ రెండూ ఇవాళే చేస్తే మిగతాది నెమ్మదిగా చేసుకోవచ్చు.

వానలు పట్టాక వంటింట్లో ఉప్పు జాడీ ఎలా ఉంటుందో మీ అమ్మగారికి తెలుసు. మూత ఎంత బిగించినా కల్లుప్పు చెమర్చి, అడుగున నీరు చేరుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ తేమను లాక్కుని తనే నీరైపోతుంది. మీ అమ్మాయి అరచేతి చెమటలో ఉన్నది ఆ ఉప్పే. సముద్రం మీంచి వచ్చే గాలి మోసుకొచ్చేదీ ఆ ఉప్పే. ఇక బోరు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. తీరం దగ్గరి ఊళ్ళలో చాలాచోట్ల ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, బకెట్టు అంచున తెల్లటి చార కడుతుంది. ఆ నీళ్ళే మీరు వారం వారం బార్‌కి పట్టించారు. నీరు ఆరిపోయింది, ఉప్పు బార్ గీతల్లో ఉండిపోయింది. రాత్రి గాలిలో చెమ్మ పెరగ్గానే ఆ ఉప్పు ఉప్పు జాడీలోలాగే నీరు కారింది. కంటికి కనపడనంత పల్చటి తడి చాలు, ఇనుము తుప్పు పట్టడానికి. పైగా ఉప్పునీరు మామూలు నీటికంటే ఆ పని చాలా తొందరగా చేస్తుంది. బార్ ఎండలో పొడిగా కనిపించినా రాత్రంతా తడిలోనే ఉందన్నమాట.

బరకం దుమ్ము ఆపింది కానీ చెమ్మను లోపలే బంధించింది. కళ్ళంలో వడ్ల రాశి మీద బరకం కప్పి తెల్లారి ఎత్తి చూస్తే లోపలివైపు నీటిబొట్లు వేలాడుతుంటాయి కదండీ. మీ బార్ మీదా అదే జరిగింది. దుమ్ము పడుతుందనుకుంటే పాత నూలు చీరో, లుంగీనో కప్పండి. దానిలోంచి గాలి ఆడుతుంది. గోనెసంచి మాత్రం వద్దు, అది నీటిని పీల్చి పట్టుకుంటుంది.

నేను పాలకొల్లు దగ్గర ఒక పాత తాలింఖానాలో ఇరవై రెండేళ్ళ వయసులో బరువులెత్తడం మొదలుపెట్టాను. ఆ ఏడు వినాయక చవితికి అన్నీ మెరిసిపోవాలని, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసా తెచ్చి, రాత్రిపూట ఎవరూ లేనప్పుడు బార్ మీద గుడ్డతో పట్టించాను. చురచురమని పొంగి, ముక్కు మండించే ఆవిరి లేచింది. పది నిమిషాల్లో తుప్పంతా పోయి బూడిదరంగు ఉక్కు తేలింది. నీళ్ళు పోసి కడిగి, సంతోషంగా ఇంటికెళ్ళాను. పొద్దున్న ఐదింటికి వచ్చి చూస్తే ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పసుపులో కుంకుమ కలిపి అద్దినట్టు కొత్త తుప్పు. ఒక్క రాత్రిలో. మా గురువుగారు నన్ను ఒక్క మాట అనలేదు. తన పాత పంచెలో ఒక ముక్క చింపి, కుట్టుమిషను నూనె డబ్బా నా చేతిలో పెట్టి, ‘రోజూ ఇంటికెళ్ళేముందు ఇది చేసి వెళ్ళు’ అన్నారు. ఆ బార్‌ని ఆ తర్వాత బరువులకు వాడనివ్వలేదు, పక్కన పెట్టించేశారు. గట్టి ఉక్కుకు యాసిడ్ తగిలితే పుట్టే హైడ్రోజన్ లోపలికి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది, పైకి ఏమీ కనపడదు, బరువు మీద ఉన్నప్పుడు పుటుక్కుమంటుంది అని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. అందుకే చెబుతున్నాను, ఎవరు ఏం చెప్పినా బార్ దగ్గరికి యాసిడ్ రానివ్వకండి. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ కలపడం అసలే వద్దు, విషవాయువు వస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, వాడొచ్చా అని. ముందు పరీక్ష చేద్దాం. బార్‌ని ఏ ప్లేటూ లేకుండా స్టాండు మీద పెట్టి, ఒక చివరకు ఎదురుగా గోడ మీద సుద్దతో చుక్క పెట్టండి. బార్‌ని మధ్యలో పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిప్పండి. చివర ఆ చుక్క దగ్గరే నిలిస్తే బార్ తిన్నగా ఉన్నట్టు. పైకీ కిందకీ ఊగుతూ తిరిగితే వంగినట్టు. వంగిన బార్‌ని సుత్తితో సరిచేయించకండి, పక్కన పెట్టెయ్యండి. ఆ తర్వాత టార్చి వేసి, బార్ స్లీవులోకి దిగేచోట, అంటే ప్లేట్లు ఎక్కే లావుపాటి గొట్టం మొదలయ్యేచోట, చుట్టూతా చూడండి. సన్నటి గీతలాంటి పగులు కనిపిస్తే ఇంక మాట్లాడుకోవాల్సింది లేదు, పాత ఇనుముకు వేసెయ్యండి. పగులు లేదు, వంపు లేదు, కానీ తుప్పు ఉంది అంటే గోటితో గీరి చూడండి. ఎర్రటి పొడి రాలి కింద నున్నగా తగిలితే అది పైపై తుప్పు, నిశ్చింతగా పోతుంది. గోరు గుంటల్లో తట్టుకుంటూ వెళ్తే తుప్పు లోపలికి తిన్నదన్నమాట. అలాంటి గుంటలు ఒకటీ అరా అయితే శుభ్రం చేసి తేలిక బరువులకు వాడుకోవచ్చు. వరసగా ఉంటే మాత్రం తలపైకి ఎత్తే పనికి ఆ బార్ వద్దు, ఎందుకంటే పగుళ్ళు పుట్టేది ఆ గుంటల్లోంచే. మీరు రాసిన ఆర్నెల్ల తుప్పు చాలావరకు పైపైదే అయ్యుంటుంది.

హార్డ్‌వేర్ షాపాయన చెప్పింది ప్లేట్లకు మంచి సలహా, బార్‌కి చెడ్డ సలహా. బార్ మీద గరుకుగా వజ్రాల ఆకారంలో చెక్కిన గీతలున్నాయి చూడండి, నర్లింగ్ అంటాం. అది అలంకారం కాదు. కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 కేజీలు స్నాచ్ (నేలమీంచి ఒకే ఊపులో తలపైకి), 130 కేజీలు క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, అక్కణ్ణుంచి తలపైకి), మొత్తం 240 కేజీలతో కంచు పతకం తెచ్చినప్పుడు, ఆమె అరచేతికీ ఆ బరువుకీ మధ్య ఉన్న పట్టంతా ఆ గీతలదే. ఉప్పుకాగితం ఆ గీతల మొనలు అరగదీస్తుంది. రంగు ఆ గీతల లోయలు పూడ్చేస్తుంది. ఆడవాళ్ళ బార్ 25 మిల్లీమీటర్ల మందం, 15 కేజీల బరువు, మగవాళ్ళది 28 మిల్లీమీటర్లు, 20 కేజీలు. ఆ మూడు మిల్లీమీటర్లు చిన్న చేతికి ఎంత తేడానో మీ అమ్మాయినడిగితే చెబుతుంది. దాని మీద ప్రైమరు ఒక పూత, ఎనామెల్ రెండు పూతలు పడితే పట్టు జారుతుంది, రంగు పెచ్చులూడి అరచేయి కోస్తుంది, పెచ్చు కింద చెమట చేరి మళ్ళీ తుప్పే. ఇంతకీ మీరు కొన్నది ఏ బారో ఒకసారి తూకం వేయించి చూడండి. సెకండ్ హ్యాండులో కొన్నవాళ్ళు తరచూ మగవాళ్ళ బారే తెచ్చుకుంటారు. అయినా సాధనకు పనికొస్తుంది, కానీ లెక్కలో ఐదు కేజీలు తేడా వస్తుంది.

శుభ్రం చేసే పని మంచి ఎండ కాసిన రోజు మధ్యాహ్నం పెట్టుకోండి. మృగశిర కార్తె వచ్చేసింది కాబట్టి ముసురు పట్టకముందే కానిచ్చెయ్యడం మంచిది. మొదట గీతల్లోని ఉప్పు తియ్యాలి. ఒక గుడ్డను తాగే నీళ్ళలో, టిన్ను నీళ్ళయినా సరే, తడిపి గట్టిగా పిండి బార్ పొడవునా తుడవండి. గుడ్డను ఒకట్రెండుసార్లు అవే మంచి నీళ్ళలో జాడించి మళ్ళీ తుడవండి. వెంటనే పొడి గుడ్డతో ఒత్తి, అరగంట ఎండలో ఉంచండి. చేత్తో ముట్టుకుంటే వెచ్చగా తగలాలి. అప్పుడు కుట్టుమిషను నూనె గీతల మీద చుక్కలుగా వేసి వేళ్ళతో పరిచి, ఒక పావుగంట వదిలెయ్యండి. ఆ తర్వాత నైలాను కుంచె ఉన్న బ్రష్‌తో, పాత టూత్‌బ్రష్ అయినా చాలు, గీతల వాలులో రుద్దండి. నూనె ఎర్రటి బురదలా లేస్తుంది. గుడ్డతో తీసి, మళ్ళీ నూనె, మళ్ళీ బ్రష్. దీనికి లొంగని చోట ఇత్తడి తీగల బ్రష్ వాడండి. ఇత్తడి ఉక్కు కంటే మెత్తన, గీతల మొనలు అరగవు. ఉక్కు తీగల బ్రష్ వద్దు. మీ బార్ వెలిసిన తెలుపులో, జింకు రేకులాంటి రంగులో ఉంటే అది జింకు పూత. దానికి ఇత్తడి బ్రష్ కూడా తేలిగ్గానే తగలాలి, ఎందుకంటే జింకు తాను తినబడుతూ లోపలి ఉక్కును కాపాడుతుంటుంది, దాన్ని మనమే గీకెయ్యకూడదు. అద్దంలా మెరిసేది క్రోము. క్రోము ఒకచోట లేచిపోయిందంటే ఆ చోటుకి ఇక రక్షణ లేదు, అక్కడ నూనె చెయ్యి ఎక్కువ పడాలి.

మూడు నాలుగు విడతల తర్వాత నల్లటి మచ్చలు కొన్ని మిగులుతాయి. వాటిని వదిలెయ్యండి. వాటితో పేచీ పెట్టుకుని గంటల తరబడి రుద్దినవాళ్ళు బార్‌నే పాడుచేసుకున్నారు. చివరగా పొడి గుడ్డతో నూనె మొత్తం తీసెయ్యండి. తెల్ల రుమాలుతో తుడిస్తే లేత గోధుమరంగు మరక మాత్రమే పడాలి. అంతకు మించి నూనె ఉంటే చేతులు జారతాయి.

బిగుసుకుపోయిన చివర్ల గురించి. ఇది నాకు తుప్పు కంటే ముఖ్యంగా తోస్తోంది. స్నాచ్‌లో బార్ నేలమీంచి తలమీదికి వెళ్ళేలోపు అమ్మాయి మణికట్టు బార్‌తోపాటు గిర్రున తిరుగుతుంది. స్లీవు తిరిగితే ప్లేట్లు తమ దారిన తాముంటాయి. తిరక్కపోతే అంత బరువున్న ప్లేట్లు బార్‌ని, బార్ ఆమె మణికట్టుని మెలిపెడతాయి. అరచేతి చర్మం లేచిపోయేదీ ఇలాగే. అందుకే స్లీవులు వదులయ్యేదాకా ఆ బార్‌తో స్నాచ్, క్లీన్ చెయ్యనివ్వకండి. ఈలోగా స్క్వాట్లు, అంటే బార్ భుజాల మీద పెట్టుకుని తీసే గుంజీలు, చేసుకోవచ్చు.

ముందు తేలిక వైద్యం చెయ్యండి. బార్‌ని గోడకు ఆనించి నిలబెట్టి, కిందనున్న స్లీవు మొదట్లో, అది బార్‌తో కలిసే సందులో, రెండు మూడు చుక్కల కుట్టుమిషను నూనె వెయ్యండి. అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. ఓ పూట ఆగి బార్‌ని తలకిందులు చేసి రెండో వైపు కూడా అలాగే. నాలుగైదు రోజులు ఇలా చేస్తే చాలావరకు కదులుతాయి. కదలకపోతే విప్పాలి. స్లీవు చివర మూత కింద గుండ్రటి స్ప్రింగు రింగు ఉంటుంది, మెకానిక్కులు సర్క్లిప్ అంటారు. కొన్నిటికి దాని బదులు బోల్టు ఉంటుంది. ఊళ్ళో మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గర ఆ రింగు తీసే సర్క్లిప్ ప్లయరు ఉంటుంది, ఆయనతోనే తీయించండి. స్క్రూడ్రైవరుతో పెకలిస్తే ఆ రింగు ఎగిరి కంట్లో పడొచ్చు. లోపలి వాషర్లు, బుష్‌లు, బేరింగులు ఏ వరసలో వచ్చాయో సెల్‌ఫోన్‌లో ఒక్కొక్కటీ ఫొటో తీసుకోండి. నేను చూసిన బార్లలో తప్పుగా బిగించడం వల్ల పాడైనవే ఎక్కువ. లోపలి పాత నూనె బురద గుడ్డతో తీసి, కంచు బుష్ మీద పచ్చటి చిలుము ఉంటే తుడిచి, కొద్దిగా నూనె పూసి మళ్ళీ బిగించాలి. మెకానిక్ అలవాటుకొద్దీ గ్రీజు దట్టించబోతాడు. మామూలు బుష్‌లున్న బార్‌కి వద్దని చెప్పండి, చిక్కటి గ్రీజు దుమ్ముని పట్టేసి మళ్ళీ బిగిసేలా చేస్తుంది.

ఇక మీ అమ్మగారి కొబ్బరినూనె. పెద్దావిడ చెప్పింది వట్టిమాట కాదు. మన ఇళ్ళలో కత్తిపీటకీ, పోకచెక్కల కత్తెరకీ అదే రాసి దాచేవారు, తుప్పు పట్టేది కాదు. కత్తిపీట రోజూ వాడతాం, రోజూ కడుగుతాం, నూనె పాతబడదు. బార్ గీతల్లో అది రోజుల తరబడి ఉండి, దుమ్మూ, చేతులకు రాసుకునే సుద్దా కలుపుకుని జిగురైపోతుంది. పుష్యమాసంలో సీసాలో కొబ్బరినూనె ఎలా పేరుకుంటుందో చూస్తాం కదా, 24 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టడం మొదలుపెడుతుంది. స్లీవు లోపల వేస్తే సంక్రాంతి పొద్దుల్లో అదే జరుగుతుంది. ఆవిడ మాట తీసెయ్యకుండా ఆ నూనెను అమ్మాయి అరచేతులకు రాత్రిపూట రాయమనండి. కాయలు కాసిన చర్మం మెత్తబడి, చీలకుండా ఉంటుంది. డబ్ల్యూడీ-40 డబ్బా గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. అది 1953లో అమెరికాలో నీటిని తోసేయడానికి, తుప్పు ఆపడానికి తయారుచేసిన ద్రవం. పేరులోని రెండక్షరాలకు అర్థం కూడా నీటిని తోసేయడమే, 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని. తుప్పు వదిలించడానికి, తడిని తోలడానికి వాడుకోండి. కానీ స్లీవులో కందెనగా దాన్నే నమ్ముకోకండి, పల్చన కాబట్టి ఎక్కువకాలం నిలవదు. దాని వెనక నూనె చుక్క పడాల్సిందే.

ఇనప ప్లేట్లకు మాత్రం మీ షాపాయన మాటే విందాం. బాగా తుప్పు పట్టినవాటిని ప్లాస్టిక్ టబ్బులో మునిగేలా తెల్ల వెనిగర్ పోసి ఒక రోజు నానబెట్టండి. అంత వెనిగర్ ఖర్చనిపిస్తే కిరాణాషాపులో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీళ్ళకు 50 గ్రాముల లెక్కన కలపండి. ప్లేటు పోత ఇనుము, బార్‌లాగా వంగుతూ బరువు మోసే పని దానికి లేదు, కాబట్టి పులుపుతో ఆ పెళుసు భయం లేదు. మర్నాడు కొబ్బరి పీచుతో రుద్దండి, మనకు దానికి కరువేముంది. తర్వాత వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచి, మంచి నీళ్ళతో కడిగి, తక్షణం తుడిచి ఎండలో పెట్టాలి. ఈ ‘తక్షణం’ అన్న మాట పట్టించుకోకపోతే నా తాలింఖానా కథే అవుతుంది. బాగా వేడెక్కి ఆరాక రెడాక్సైడ్ ప్రైమరు, అది ఆరాక ఎనామెల్. మధ్య రంధ్రం లోపలివైపు పూత పల్చగా ఉండాలి, లేకపోతే స్లీవు మీదికి ఎక్కదు. పాత రంగు గీకేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పాత రంగుల్లో సీసం ఉండేది.

రబ్బరు ప్లేట్లకు కిరసనాయిలు, పెట్రోలు, మెషిన్ నూనె ఏవీ తగలకూడదు, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన నీళ్ళతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. ఎండలో వదిలేస్తే రబ్బరు నెర్రెలు విచ్చుతుంది. మధ్యలోని ఇనప కన్నం దగ్గర రబ్బరు విడిపోతోందేమో నెలకోసారి చూడండి. ఆ సందు పెరిగితే ఆ ప్లేటు ఎత్తునుంచి వదలడానికి పనికిరాదు.

బెంచీ వాసనకు కారణం చిరుగు. ఎక్కడో రెగ్జిన్ కుట్టు వదిలి చెమట స్పాంజిలోకి దిగింది. తలకిందులు చేసి అడుగు ప్లైవుడ్ చూడండి, బూజు పట్టి ఉన్నా, చెదపురుగు మట్టి గూడు కట్టి ఉన్నా ఆ చెక్క మార్చక తప్పదు. ఆటో సీట్లు కుట్టేవాళ్ళు స్పాంజి, రెగ్జిన్ కొత్తవి వేసి రోజులో ఇచ్చేస్తారు. పనిలో పనిగా బెంచీకీ స్టాండుకీ ఉన్న నట్లన్నీ స్పానర్‌తో బిగించి చూడండి. వెల్డింగు అతుకుల దగ్గర రంగు సన్నగా చిట్లి ఉంటే, అది రంగు పగులా, ఇనుము పగులా అని గోటితో చూసుకోవాలి.

సామాను పెట్టే చోటు కూడా మార్చాలి. పెరటి వసారాలో సముద్రంవైపు గాలి నేరుగా తగులుతుందేమో చూడండి. ఇంట్లో ఒక గదిలోకి తీసుకురాగలిగితే మంచిది, కుదరకపోతే గాలికి అడ్డున్న మూలకు జరపండి. చెమ్మెక్కే గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉండాలి. ప్లేట్లు నేలమీద కాకుండా రెండు సరుగుడు కర్రల మీద నిలబెట్టండి. బార్‌కి ఎక్కించిన ప్లేట్లు రాత్రికి అలాగే వదలకుండా దింపెయ్యాలి.

ఇవన్నీ ఒకసారి చేసే పనులు. రోజూ చేసేది రెండు నిమిషాల పని, అది మీరు కాదు, అమ్మాయే చెయ్యాలి. సాధన అయిపోగానే, ఫోను తీసి వీడియో చూసుకునేలోపు, బ్రష్‌తో గీతల్లోని సుద్ద దులపాలి. మనం సుద్ద అంటాం కానీ అది మెగ్నీషియం కార్బొనేట్, చేతి చెమట పీల్చడానికే వాడతాం. గీతల్లో మిగిలితే ఆ పీల్చిన చెమటతో సహా అక్కడే ఉంటుంది. తర్వాత పొడి నూలు గుడ్డతో బార్ ఒక చివర్నుంచి రెండో చివరిదాకా గట్టిగా తుడవాలి, చేతులు పడ్డ చోట రెండుసార్లు. వారానికోసారి ఆ గుడ్డకు ఐదారు చుక్కల నూనె. ముసురు రోజుల్లో వారానికి రెండుసార్లు. ఆ గుడ్డ బార్‌కే ఉండాలి, బెంచీకి వేరేది. బెంచీని సబ్బు నీళ్ళలో పిండిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. స్నేహితురాళ్ళు కూడా వచ్చి చేస్తుంటే ఇది మరీ అవసరం, మన ఉక్కపోతలో తామర ఒకరి చర్మం నుంచి ఇంకొకరికి ఇలాంటి చోట్లే అంటుతుంది. అరచేయి చీలి బార్‌కి నెత్తురంటితే పిండిన సబ్బు గుడ్డతో తీసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక నూనె రాయాలి.

వరదల రోజులొస్తున్నాయి కాబట్టి ఇదీ రాస్తున్నాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో మూడోదీ దాటిపోయింది. మీ వీధిలోకి నీళ్ళొచ్చే అలవాటుంటే, మొదటి హెచ్చరిక విన్నప్పుడే బెంచీ మంచం మీదికి, బార్ అటక మీదికి చేర్చెయ్యండి. స్పాంజి, చెక్క నీళ్ళలో నానితే మళ్ళీ రావు. ప్లేట్ల కోసం నడుం నొప్పి తెచ్చుకోకండి, అవి కింద ఉన్నా బతుకుతాయి. నీళ్ళు తీశాక మాత్రం ఒండ్రు ఆరకముందే మంచి నీళ్ళతో కడగాలి, ఆ ఒక్కరోజుకి నేను కడగమనే చెబుతాను. బార్ మునిగితే స్లీవు లోపలికి బురద వెళ్ళే ఉంటుంది, పైకి శుభ్రంగా కనపడినా విప్పించండి. ఆరబెట్టి, నూనె వేసి, రెండు వైపులా చేత్తో తిప్పి చూసుకున్నాకే అమ్మాయికివ్వండి.